శాగిర్దు కాగితము



నేను చేయు నుద్యోగమునకు ఆంగ్లమున పెద్ద పేరొకటి కలదు. బిజినెస్ డెవలప్‌మెంటు అందురు. మన కరీంనగరపు మాటలో చెప్పవలెనన్న గిరాకి తెచ్చు పని. పిల్లలకు పని నేర్పించు సంస్థ యొకదాని పక్షమున కార్ఖానాల యజమానుల యొద్దకు బోయి, మీ యొద్ద అప్రెంటీసులను చేర్చుకొనుడని యడుగుట యందొక సగము. పల్లెలకు బోయి, మీ పిల్లవానిని ఫలానా కార్ఖానాకు పంపుడని తలిదండ్రుల నొప్పించుట రెండవ సగము. నెలకింత మందిని చేర్పింపవలెనని నాకొక లెక్క నిర్ణయింపబడియున్నది. ఆ లెక్క నిండిననే పైవారికి సంతోషము. ఈ సంగతి ముందుగనే చెప్పుచున్నాను. ఏలనన, వాకిట నిలిచి మాటలాడు వాని లాభమెచ్చట నున్నదో తెలిసిన పిదపనే వాని మాటను తూచుట సాధ్యమగును.

జగిత్యాల ప్రాంతమున నొక పల్లెలో బస్సు దిగి, నాలుగు కాగితములు చేత బట్టుకొని గ్రామ పంచాయతి కడకు బోగా, అరుగు మీద గూర్చున్న పెద్దమనిషి నన్నడిగిన మొదటి మాట యిది: "ఏ దేశం పంపుతవు బిడ్డా? పైసలెంత?" దేశము కాదు తాతా, పెద్దపల్లికని నేను చెప్పగా నాయన నవ్వి, "పెద్దపల్లికి గూడ ఏజెంటు గావాల్నా?" అనెను. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ప్రత్యుత్తరము చెప్పుటయే నేటి ప్రసంగమనుకొనుడు.

పని నేర్చుకొనుట మనకు క్రొత్త సంగతి కాదు. ఉస్తాదు, శాగిర్దు అను మాటలు మన యూళ్లలో నేటికిని వినబడుచున్నవి. నిర్మలలో నకాషీ యింట బుట్టిన బాలుడు పొణికి కొయ్యను చెక్కుట, దానికి పూత పూయుట, రంగులు వేయుట చూచుచునే పెరిగెను. కరీంనగరపు వెండి తీగపని వాని యింటిలో పిల్లవాడు తీగను వెంట్రుకవలె సాగదీయుట, రెండు పోగులు మెలిబెట్టి యొత్తుట, చట్రములో నిమిడ్చి యతుకుట యిట్లే నేర్చెను. వడ్రంగి, కమ్మరి, అవుసలి, సాలె, వీరందరికిని ఇల్లే బడి, తండ్రియే గురువు. జీతము లేదు, కాగితము లేదు, గడువు లేదు. చేయి తిరిగినదని ఉస్తాదు తలయూపిన నాడు శిష్యరికము ముగిసెడిది. దీనియందు గొప్ప గుణమొకటి గలదు: పనివాడు పనిని పని జరుగు చోటనే నేర్చుకొనెను గాని నల్లబల్ల మీద గాదు. లోపమును గలదు: ఆ ఇంట బుట్టనివానికి తలుపు తెరచుకొనలేదు. దళితుని కొడుకు వెండి తీగపని నేర్చుకొనవలెనన్న నెవరు నేర్పియుందురు? గోండు బాలుడు యంత్రము పట్టుకొనవలెనన్న నెవరి నడిగియుండును? ఆ పాత పద్ధతిని మనము మెచ్చుకొనునప్పుడెల్ల ఈ రెండు ప్రశ్నలను గూడ జ్ఞాపకముంచుకొనుట మంచిది.

ఇతర దేశములలో నీ శిష్యరికమునకు కాగితము చాల కాలము క్రిందటనే వచ్చినది. ఇంగ్లండులో 1563 లో రాణి ఎలిజబెత్తు కాలమున జేసిన శాసనము ప్రకారము, ఏడేండ్లు శిష్యుడుగా నుండనివాడు ఆనాటి వృత్తులను స్వతంత్రముగా జేయగూడదు. 1814 లో నా నియమమును ఎత్తివేసిరి. జర్మనీలో నేటికిని పిల్లవాడు వారములో కొన్ని దినములు కార్ఖానాలోను, కొన్ని దినములు బడిలోను గడుపును. అచ్చటి వృత్తి శిక్షణకు 1969 లో చట్టము చేసిరి. బ్రిటిషు ఇండియాలో 1850 లోనే యొక చట్టము పుట్టెను గాని, అది ముఖ్యముగా అనాథలను, పేద పిల్లలను పనివారి యొద్ద కట్టుబరచుటకు చేసినది. నిజాం రాజ్యముననున్న మన ప్రాంతమునకు దానితో సంబంధము లేకుండెను.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1961 లో పార్లమెంటు అప్రెంటీసుల చట్టమును జేసెను. అది 1962 మార్చి 1 నుండి అమలునకు వచ్చెను. దాని సారాంశమును మన మాటలలో చెప్పెదను. పని నేర్చుకొనువానికిని యజమానికిని నడుమ వ్రాతమూలకమైన యొప్పందముండవలెను. పిల్లవానికి పదునెనిమిదేండ్లు నిండనిచో తండ్రియో సంరక్షకుడో సంతకము చేయవలెను. పదునాలుగేండ్ల లోపువానిని చేర్చుకొనగూడదు. అపాయకరములని యేర్పరచిన పరిశ్రమలకు సంబంధించిన పనులయందు పదునెనిమిది నిండవలెను. ఆ యొప్పందము ప్రభుత్వము వారి యొద్ద నమోదు కావలెను. నేర్చుకొనుచున్నంత కాలము నెలనెలా భృతి యీయవలెను. కడపట పరీక్ష జరిగి, గెలిచినవానికి దేశమంతట చెల్లు యోగ్యతాపత్రము దొరకును.

2019 లో సవరించిన నిబంధనలలో, ముప్పది మందియు అంతకు మించియు పనివారు గల ప్రతి సంస్థయు తన పనివారి సంఖ్యలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వరకు అప్రెంటీసులను తప్పక చేర్చుకొనవలెనని యేర్పరచిరి. గుత్తేదారుని క్రింద పనిచేయువారిని గూడ ఈ లెక్కలో జేర్చవలెను. నలుగురు మొదలు ఇరువదితొమ్మిది మంది వరకు గలవారికి ఇష్టమున్న చేర్చుకొనవచ్చును, నిర్బంధము లేదు. నలువది మంది గల మిల్లు అన్నచో కనీస మొకడు, హెచ్చన్న ఆరుగురు. ఆ నిబంధనలలోనే కనిష్ఠ భృతిని నిర్ణయించిరి: అయిదు మొదలు తొమ్మిది తరగతుల వరకు చదివినవానికి నెలకు 5,000 రూపాయలు, పది గట్టెక్కినవానికి 6,000, ఐటిఐ పత్రము గలవానికి 7,000, డిప్లమా గలవానికి 8,000, పట్టభద్రునకు 9,000. రెండవ యేట నూటికి పది హెచ్చు. ఈ రేట్లు అప్పుడప్పుడు మారుచుండును గనుక, సంతకము నాడు అమలులోనున్న రేటేదో యడిగి తెలిసికొనవలెను.

ఇక యజమానుల సంగతి. నా కాలము హెచ్చుగా వ్యయమగునది వీరి గుమ్మములయందే.

సుల్తానాబాదు ప్రాంతమున బియ్యపు మిల్లు నడుపు సేటొకడు నాతో ననిన మాట యిది: "ఆరు వేలిచ్చి, పని నేర్పి, మెకానిక్కును జేసినంక, హైదరాబాదోడు ఇంకో మూడు వేలెక్కువిస్తా అంటె ఉరుకుతడు. నాకేం మిగిలె?" దీనికి నాయొద్ద రెండు ప్రత్యుత్తరములు గలవు. మొదటిది లెక్కకు సంబంధించినది. 2016 లో భారత ప్రభుత్వము పెట్టిన జాతీయ ప్రోత్సాహక పథకము ప్రకారము భృతిలో నాలుగవ వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండ, ప్రభుత్వము భరించును. 2023 నుండి ఆ పైకము యజమాని చేతికి గాక నేరుగ పిల్లవాని బ్యాంకు ఖాతాకే వచ్చుచున్నది. ఆరు వేలలో నాలుగు వేల ఐదువందలే సేటు భారము. రెండవ ప్రత్యుత్తరము లెక్కకు లొంగునది కాదు. మర యాగిపోయి, లారీలు వాకిట నిలిచి, ధాన్యము తేమ పట్టుచున్న దినమున హైదరాబాదు నుండి మెకానిక్కును బిలిపించుటకు తనకెంత యగుచున్నదో ఆ సేటుకే తెలియును. ఆ మాట నేనెత్తగనే యాతడు మౌనము వహించెను. తరువాత ఇద్దరిని చేర్చుకొనెను. ఒకడు నిలిచెను, ఒకడు పోయెను. నిలిచినవాడు ఆ యూరి చుట్టుప్రక్కలవాడే యగుట నేను గమనించితిని. అప్పటినుండి మిల్లునకు సైకిలు మీద వచ్చి పోగలవానినే మొదట వెదకుచుందును.

అన్ని పరిశ్రమలకును ఈ చట్టము సమముగా నతుకదు. ఆదిలాబాదు పత్తి జిన్నింగు మిల్లులను జూడుడు. దసరా మొదలు హోళీ వరకు రాత్రింబవళ్లు పని, పిమ్మట తాళము. ఏడాది పొడవున పని నేర్పెదమని కాగితము వ్రాసి, ఆరు నెలలు పిల్లవాని నేమి చేయింతురు? ఆవరణము నూడ్పింతురు. అందుచేత జిన్నింగు మిల్లులకు పిల్లలను బంపుట నాకిష్టము లేదు. నాపై యధికారికి నాతో నీ విషయమున భేదాభిప్రాయము గలదు; అది వేరే మాట. కరీంనగరపు రాతి గనులకును, రాతిని గోయు కార్ఖానాలకును పదునెనిమిది నిండని పిల్లవానిని బంపుట నాకు సమ్మతము గాదు.

సిరిసిల్ల చిక్కు మరియొక విధమైనది. అచ్చట మరమగ్గమును సాంచె యందురు. సాంచెలు గలవాడు ఆసామి. నేసిన మీటర్లను బట్టి కూలి. 2017 నుండి బతుకమ్మ చీరెల ఆర్డర్లు వచ్చిన యేండ్లలో సాంచెల చప్పుడు వీధివీధిని వినబడెను. ఆర్డరు లేని నెలలలో నా చప్పుడణగిపోవుటయు ఆ యూరివారందరు నెరిగినదే. 1961 చట్టము పదుమూడవ విభాగములో, అప్రెంటీసునకు చేసిన పని తుకడాల లెక్కన పైకము చెల్లింపగూడదని స్పష్టముగ వ్రాసియున్నది. ఇది చాల తెలివిగల నియమము. మీటరుకింత యన్న, పిల్లవాడు తానెరిగిన యొక్క పనినే వేగముగా జేసికొని పోవును. పోగు తెగిన నెందుకు తెగెనో, భీము నింపుటెట్లో, మర నెట్లు విప్పి సరిచేయవలెనో నేర్చుకొనుటకు వానికి తీరిక చిక్కదు. కాని సిరిసిల్లలో సమస్త వ్యాపారము మీటరు లెక్క మీదనే నిలిచియున్నది. నెలకింత భృతి యని నేను చెప్పగా ఆసామి నా ముఖము వింతగా జూచెను. పైగా చిన్న యాసామి క్రింద పనిచేయువారు ముగ్గురో నలుగురో. నలుగురైన లేనిచో చట్టము వానిని లెక్కింపనే లెక్కింపదు. కావున చిరకాలముగ నేత నేర్చిన యూరిలో నేత నేర్చుకొనువానికి కాగితము దొరకుట కష్టము. బట్టలు కుట్టు పెద్ద కార్ఖానాలలో దొరకుట సులభము. ఈ విపరీతమును సరిచేయవలసినవారు శాసనకర్తలు. చిన్న యాసాములు పదుగురు కలిసి యొక్క సంస్థగా చేరి పిల్లలకు పని నేర్పునట్లు వీలు కల్పించిన బాగుండునని నా యభిప్రాయము.

పల్లెకు మరలి వత్తము. తండ్రి యొద్ద నాకెదురగు ప్రత్యర్థి మరియొక శిక్షణ సంస్థ గాదు, దుబాయి. మస్కటైనను, దోహాయైనను, రియాదైనను మనవారు దుబాయి యనియే యందురు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములలో గల్ఫు పైకముతో గట్టిన యిల్లు లేని పల్లె యరుదు. ఆ యిండ్లను జూపించి, "ఆరు వేలకు మిల్లుల వంగుడెందుకు? అప్పు జేసి పంపుత" అని తండ్రి యనును. గల్ఫునకు బోవలదని చెప్పుటకు నాకధికారము లేదు. మా బంధువులలోను పోయినవారు గలరు. కాని లెక్క చూపుదును. 1983 వలస చట్టము క్రింద లైసెన్సు గల యేజెంటు వసూలు చేయదగిన రుసుము, 2017 లో సవరించిన నిబంధనలలో, 30,000 రూపాయలు, దానిపై పన్ను. మన పల్లెలలో నంతకు మించి యెంత ముట్టజెప్పుచున్నారో మీకు నాకంటె నెక్కువ తెలియును. దానికి మిత్తి. పది తప్పినవాని పాసుపోర్టు మీద వలస యనుమతి కావలెనను గుర్తు పడును. అక్కడికి బోయినవాడు హెల్పరుగా నిసుక మోయును. అదే బాలుడు వెల్డింగో, కరెంటు పనియో నేర్చి, పరీక్ష గెలిచి, ఆ పత్రముతో బోయినచో వాని జీతము వేరు, వాని మాటకు విలువ వేరు. 2015 లో తెలంగాణ ప్రభుత్వము విదేశములకు పనివారిని బంపుటకై టామ్‌కామ్ అను సంస్థను నెలకొల్పెను. అచ్చట విచారించినను ఏ పనికి గిరాకి గలదో తెలియును. నేర్చి పొమ్మని నేను చెప్పుచున్నాను; పోవలదని గాదు.

తల్లి యడుగు ప్రశ్న వేరు. "గీ కాగితం మీద సంతకం పెడితె మా పోరనికి నౌకరి పక్కనా అన్నా?" పక్క కాదు తల్లీ. ఈ మాట చెప్పుట చేతనే నా నెల లెక్క యనేక పర్యాయములు తప్పినది. చట్టము ప్రకారము శిక్షణ ముగిసిన పిమ్మట ఉద్యోగమీయవలెనను నిర్బంధము యజమానికి లేదు. 2014 సవరణ తరువాత, తన యొద్ద శిక్షణ ముగించినవారిని పనిలో జేర్చుకొను విషయమున ప్రతి యజమానియు స్వంత విధానము నేర్పరచుకొనవలెనని మాత్రమున్నది. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరు, గోదావరిఖని ప్రాంతములలో నీ విషయమున భ్రమ హెచ్చు. 1920 లో నేర్పడిన సింగరేణి కంపెనీలో తండ్రి వెనుక కొడుకు గనిలో జేరుట మూడు తరములుగ జూచినవారు గనుక, సింగరేణిలో అప్రెంటీసు అనగనే సింగరేణి నౌకరి యనియే తలచి మిఠాయి పంచుదురు. అప్రెంటీసు వేరు, నౌకరి వేరు. రైల్వేలో మాత్రము చట్టము ప్రకారము అప్రెంటీసు ముగించినవారికి క్రింది శ్రేణి నియామకములలో నూటికి ఇరువది స్థానములు కేటాయించిరి. అదియును పరీక్ష వ్రాసి గెలిచిననే.

అట్లయిన కాగితమెందుకు? దీనికి మన ప్రాంతపు చరిత్రయే సాక్ష్యము. 1980 లో పని మొదలుపెట్టిన రామగుండము ఎరువుల కార్ఖానా 1999 లో మూతబడెను. అచ్చట మరల క్రొత్త కార్ఖానా వెలసి యుత్పత్తి మొదలగునప్పటికి 2021 వచ్చెను. నిజాం కాలమున పుట్టిన సిర్పూరు కాగితపు మిల్లు 2014 లో నిలిచిపోయి 2018 లో క్రొత్త యాజమాన్యము చేతికి వచ్చెను. ఆ నడిమి యేండ్లలో కాగజ్‌నగరము బజారులో దుకాణములెట్లుండెనో చూచినవారు నా శ్రోతలలో నుందురు. మిల్లు గేటు మూతబడిన మరునాడు, ఫిట్టరు, ఎలక్ట్రీషియను అని పరీక్ష గెలిచిన పత్రము గలవాడు ఆ పత్రము జేబులో పెట్టుకొని చంద్రపురమునకో, హైదరాబాదునకో పోగలిగెను. ఇరువదేండ్లు పనిచేసి చేతిలో పనియుండియు కాగితము లేనివాడు, తనకు పని వచ్చునని ప్రతి గేటు కడను మొదటినుండి నిరూపించుకొనవలసి వచ్చెను.

ఇప్పుడు చెప్పబోవు సంగతిని కొంచెము శ్రద్ధగా వినుడని కోరుచున్నాను. నేను పనిచేయు జిల్లాలలో నొక కార్ఖానాలో, దాని పేరు చెప్పను, పదునేడేండ్ల బాలుడు పని నేర్చుకొనుటకు జేరెను. చేర్పించినవాడొక మధ్యవర్తి. తండ్రి యొద్ద పైకము గ్రహించి, రంగురంగుల పత్రమొకటి చేతబెట్టెను. ఒప్పందమని యేమియు వ్రాయలేదు. నాలుగవ నెలలో ఆ బాలుని కుడిచేయి బెల్టులో బడి రెండు వ్రేళ్లు పోయినవి. యజమాని, "వాడు నా పనివాడు కాడు, నేర్చుకొన వచ్చినవాడు" అనెను. మధ్యవర్తి ఫోను తీయడాయెను. పనివాడు కాడు గనుక పనివాని హక్కు లేదు. అప్రెంటీసు ఒప్పందము లేదు గనుక అప్రెంటీసు హక్కును జూపుటకు ఆధారము లేదు. కడకు ఊరి పెద్దలు నలుగురు బోయి మాటలాడగా ఆసుపత్రి ఖర్చు మాత్రము ముట్టినది. నేనును ఆ పంచాయతీలో గూర్చుంటిని. తండ్రి ఆ రంగు పత్రమును మడచి మడచి చేతిలో నలుపుచుండెను గాని యొక్క మాటయు బలుకలేదు.

నమోదైన యొప్పందమున్నచో నేమగును? ఆ చట్టము పదునాఱవ విభాగము ప్రకారము, శిక్షణలో శిక్షణ కారణముగ గలిగిన గాయమునకు యజమాని నష్టపరిహారము చెల్లింపవలెను. అప్రెంటీసు పనివాడు కాకపోయినను ఈ బాధ్యత తప్పదు. శిక్షణాధికారి యనుమతి లేనిదే వానిచే గడువుకు మించి పని చేయింపగూడదు. యజమాని తన బాధ్యత తప్పి యొప్పందమును భంగపరచిన బాలునకు పరిహారమీయవలెను. దీనికి రెండవ ప్రక్కయు గలదని తండ్రులకు నేను దాచక చెప్పుదును: కారణము లేక బాలుడే నడుమ మానివేసినచో శిక్షణకైన ఖర్చును వాని యొద్దగాని, సంరక్షకుని యొద్దగాని రాబట్టుకొను వీలు యజమానికి గలదు. పెండ్లి వచ్చినదనియు, బావి త్రవ్వించుచున్నామనియు మధ్యలో బిలిపించుకొను తండ్రులీ సంగతి యెరిగి సంతకము చేయవలెను.

చేర్పించు సంస్థకు రాబడి యెక్కడినుండి యని మీరడుగవలెను. ఎవరును నన్నడుగుట లేదు గనుక నేనే చెప్పుదును. ఇట్టి సంస్థలు యజమానుల యొద్ద సేవా రుసుము గ్రహించును. మొదట కొన్ని వారములు ప్రాథమిక శిక్షణ యిచ్చినచో, 2016 పథకములో అయిదువందల గంటలకు 7,500 రూపాయలకు మించకుండ ప్రభుత్వము భరించునట్లు వ్రాసికొనిరి. ఈ రెండు త్రోవలుండగా తండ్రి యొద్ద మూడవ త్రోవ వెదకువానిని గడప యవతలనే నిలుపుడు. వాడు నా సంస్థవాడైనను సరియే.

ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు ప్రాంతముల గోండు, కోలాము బాలుర సంగతి నొక్కటి చెప్పవలసియున్నది. వారు మంచిర్యాలకు వచ్చి పని నేర్చుకొనవలెనన్న, గది కిరాయి, తిండి, నెలకొకసారి ఇంటికి బోవు బస్సు ఖర్చు, ఇవన్నియు ఆ భృతిలోనుండియే రావలెను. నెల చివర నేమియు మిగులదు. యంత్రము కడ ఉస్తాదు మాటలాడు తెలుగు వేరు, బడిలో వారు చదివిన తెలుగు వేరు, ఇంటి భాష గోండీయో కోలామీయో. మొదటి నెలలో పారిపోయి వచ్చిరని వారిని సోమరులనుట యన్యాయము. ఒక్కనిని గాక ఒక్క యూరి పిల్లలను ముగ్గురను నలుగురను కలిపి, ఒక్క కార్ఖానాకే పంపినచో నిలిచినట్లు నేను చూచితిని. ఊరి పటేలు ఒకసారి బోయి ఆ కార్ఖానాను, గదిని చూచి వచ్చినచో మరియు నిలుతురు.

ఆడపిల్లల విషయమున ముసలివారి సందేహములు నాకు తెలియును. కుట్టు కార్ఖానాకు బంపినచో రాత్రి యెప్పుడు వచ్చును, వాహనమెవరిది, పై యుద్యోగులలో నాడవారున్నారా యని యడుగుడు; సమాధానము చెప్పలేని యజమాని యొద్దకు బంపకుడు. చెప్పగలవాని యొద్దకు బంపుటకు వెనుదీయకుడు. చట్టములో నాడపిల్లకు వేరు భృతి లేదు, మగవానితో సమానమే.

సంతకమునకు ముందు చేయవలసిన పనులు కొన్ని గలవు. ఒప్పందములో పిల్లవాని పేరు, నేర్చు వృత్తి పేరు, మొదలు కడ తేదీలు, నెల భృతి, యజమాని సంతకము, ఇవన్నియు నిండియున్నవో లేదో చదువు వచ్చిన వారిచే చదివించుకొనుడు. ఖాళీ కాగితము మీద సంతకము పెట్టకుడు. వృత్తి పేరు ఫిట్టరు అని యుండి, పిల్లవాడు మూడు నెలలైనను టీ కప్పులు మోయుచున్నచో నదేమని యడుగుటకు మీకు హక్కు గలదు. నమోదు సంఖ్య యడిగి, మీసేవా కేంద్రములో గాని, దగ్గరి ప్రభుత్వ ఐటిఐలో గాని చూపించి, అది నిజముగ నమోదైనదో లేదో తెలిసికొనుడు. పిల్లవాని పేరనే బ్యాంకు ఖాతా తెరిపించి, దానికి ఆధారును జతచేయుడు. లేనిచో ప్రభుత్వపు భాగము రాదు. ఒప్పందపు నకలు రెండు తీయించి, ఒకటి పిల్లవానికిచ్చి, ఒకటి ఇంటిలో పట్టాదారు పాసుపుస్తకముతో గూడ బెట్టుడు. జగిత్యాల తాత నన్నడిగిన ప్రశ్నకు నేనప్పుడిచ్చిన జవాబు నిదియే. ఆయన తన మనుమని పది తరగతి మెమో తెచ్చి చూపి, కరెంటు పనికి పెద్దపల్లిలో నెవరున్నారని యడిగెను.